బెత్తెడు తక్కువ

చెల్లెలు బోర్లా పడుకుని ఉంది. మంచానికి తల దగ్గర గుండ్రంగా కన్నం ఉంది, అందులోకి ముఖం పెట్టుకుంది, అందుకని నాకు దాని ముఖం కనబడదు, జడ ఒక పక్కకు జారి వేలాడుతోంది, వీపు మీద తువ్వాలు మడతల్లో వేడి సంచీ, ఎదురు గోడ మీద గడియారంలో మూడుంబావు. ఇరవై నిమిషాలు కదలకూడదని చెప్పి ఫిజియో అమ్మాయి పక్క గదిలో మోకాళ్ళ నొప్పులాయన దగ్గరికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక కాగితమూ పెన్నూ పెట్టింది. "కుట్టుపని చేసేవాళ్ళు కదమ్మా, కొలతలు నాకంటే మీకే బాగా తెలుస్తాయి, నేనొచ్చేలోపు ఈ రెండూ రాసి పెట్టండి" అంది. కాగితం మీద రెండు ఖాళీలు. నిలబడినప్పుడు నేల నుంచి మోచేయి ఎత్తు. పనిచేసే బల్ల ఎత్తు. నా మెడలో టేపు వేలాడుతూనే ఉంది, షాపు మూసి వచ్చే తొందరలో తీయడం మరిచాను, దారిలో ఎవరో చూసి నవ్వారు కూడా. అయినా టేపుతో పనిలేదు. చెల్లెలి మోచేయి నలభై ఒక్క అంగుళాలు. మొదటి ఖాళీలో రాసేశాను. రెండోదానికీ జవాబు తెలుసు, నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పెన్ను మాత్రం కాగితానికి ఆనడం లేదు.

వీపు మీద ఏమీ లేదు. ఇందాక ఆ అమ్మాయి బట్ట పక్కకు తీసి చూస్తున్నప్పుడు నేనూ తొంగి చూశాను, ఇన్నేళ్ళ మంటకి అక్కడ ఒక మచ్చో, కందిన చారో ఉంటుందనుకున్నాను. నున్నటి వీపు, చిన్నప్పుడు నేను సబ్బు రుద్దిన వీపు, ఎడమ పక్క పుట్టుమచ్చ తప్ప ఇంకేం లేదు. ఎడమ భుజం రెక్క పక్కన, వెన్నెముకకి రెండు వేళ్ళ దూరంలో ఆ అమ్మాయి బొటనవేలితో నొక్కగానే చెల్లెలి కాళ్ళు ముడుచుకుపోయాయి. ఇక్కడేనా అంటే అక్కడే అంది, ఇస్త్రీపెట్టె ఆనించి ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు ఉంటుందండీ అంది. ఇస్త్రీపెట్టె సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. మంటగా ఉందక్కా అనేది, అంతే. ఎలాంటి మంట, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుంది, పడుకుంటే తగ్గుతుందా, ఈ అమ్మాయి పది నిమిషాల్లో అడిగినవేవీ నేను ఏడేళ్ళలో అడగలేదు. అడిగితే ఎక్కడిదాకా వస్తుందో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

మొదట్లో మంట సాయంత్రం నాలుగింటికి వచ్చేది. సరిగ్గా నాలుగింటికి, బడి గంట కొట్టినట్టు. చెల్లెలు కత్తెర కింద పెట్టి, వెళ్ళి ద్వారబంధానికి వీపు ఆనించి అటూ ఇటూ రాసుకునేది. నేను మిషను దగ్గర కూర్చునే, గేదెలు కూడా ఇలాగే రాసుకుంటాయే అనేదాన్ని. అది నవ్వేది. నవ్వేది కదా అనుకుంటే ఇప్పటికీ కొంచెం ఊరటగా ఉంటుంది, వెంటనే ఆ ఊరటకి సిగ్గేస్తుంది. తర్వాత మూడింటికే రావడం మొదలైంది, ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం తినకముందే. మందుల షాపాయన గ్యాస్ అన్నాడు, ఆయన లెక్కలో లోకంలో ఉన్న రోగాలన్నీ గ్యాసే, కాలు బెణికినా ఆ గులాబీరంగు మందే ఇస్తాడు. ఎదురింటావిడ నరాల బలహీనత అంది. నేను బామ్ కొనిచ్చాను. ఎన్ని సీసాలో గుర్తులేదు, ఖాళీ అయిన సీసాల్లో గుండీలు పోసుకున్నాం, తెల్లవి ఒకదాంట్లో, నల్లవి ఒకదాంట్లో, అలమర మీద వరసగా ఉన్నాయి. వేడినీళ్ళ సంచీ కొన్నాను. మెత్తటి దిండు కొన్నాను. గుండెకేమైనా అయిందేమోనని పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, ఒక్కోసారి వీపులో మంటకి గుండె కారణమవుతుందట, చెమటలు, ఆయాసం, ఛాతీ పట్టేయడం తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదట, ఆయన అవన్నీ అడిగి, ఒంటినిండా తీగలు అంటించి, గీతల కాగితం చూసి, గుర్రంలాంటి గుండెమ్మా అన్నాడు. బయటికొచ్చాక చెల్లెలు నా చేయి పట్టుకుని, నాకోసం ఎంత తిరుగుతున్నావక్కా అంది. అందరూ నన్ను మంచి అక్క అంటారు. ఒక్కటి తప్ప అన్నీ చేశాను.

ఈ అమ్మాయి వేరే రకం. చూస్తే కాలేజీ పిల్లలా ఉంది, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూనే ఉంటుంది, కానీ వీపు చూడటం మానేసి మెడ చూసింది. పక్కనుంచి చూసింది, గడ్డం వెనక్కి లాగమంది, చేతులెత్తమంది, చివరికి గాల్లోనే బట్ట కత్తిరించి చూపించమంది. చెల్లెలు కత్తెర పట్టినట్టు వేళ్ళు పెట్టి వంగింది. అంత వంగింది. గదిలో బల్ల లేదు, అయినా బల్ల ఎక్కడిదాకా ఉంటుందో దాని ఒంటికి తెలుసు, సరిగ్గా అక్కడిదాకా వంగి ఆగింది, తల ముందుకి వేలాడింది, భుజాలు గుండ్రంగా మూసుకున్నాయి. ఎప్పుడూ ఆ మనిషిని నేను మిషను దగ్గర్నుంచి, వెనక నుంచి చూశాను. పక్కనుంచి చూడటం ఇదే మొదటిసారి. ఆ అమ్మాయి తన మెడ మీద చేయి పెట్టుకుని చెప్పుకుపోయింది, తల ఐదు కిలోలుంటుందమ్మా, నిటారుగా ఉన్నంతసేపూ ఎముకలు మోస్తాయి, ముందుకి వంచితే ఆ బరువుని వెనక కండరాలు పట్టుకుని లాగాలి, రోజంతా లాగి లాగి అవి అలిసిపోయి మంటెత్తుతాయి, మెడ దగ్గర నరం కూడా రేగితే ఆ మంట ఇంకా కిందికి పాకుతుంది, చోటు వీపుదే గానీ తప్పు వీపుది కాదు. తప్పు వీపుది కాదు అన్నప్పుడు నేను కిటికీ వైపు చూశాను. కిటికీలో ఏమీ లేదు, ఎదురు మేడ గోడా, దానిమీద నీళ్ళ గొట్టమూ. చేయాల్సినవి కూడా చెప్పింది, గడ్డం వెనక్కి లాక్కుని ఐదు లెక్కపెట్టాలి, రెండు రెక్కలూ వెనక్కి దగ్గరగా తెచ్చి పట్టుకోవాలి, అరగంటకోసారి కత్తెర కింద పెట్టి నాలుగడుగులు వేయాలి, ద్వారబంధానికి రెండు చేతులూ ఆనించి ముందుకి ఒరగాలి. ద్వారబంధం అనగానే చెల్లెలు నావైపు చూసి నవ్వింది, చూశావా గేదె వైద్యం అన్నట్టు. నేనూ నవ్వాను. అవన్నీ చేసినా పనిచేసే చోటు మారకపోతే మళ్ళీ మామూలేనని ఆ అమ్మాయి కాగితం తీసింది.

బల్ల నాన్న చేశాడు. నాన్న వడ్రంగి. షాపు నాది, ఒక్క మిషనుతో నేను మొదలుపెట్టింది, చెల్లెలు ఆరేళ్ళ తర్వాత వచ్చి చేరింది, వచ్చిన నెలకే కత్తెర దాని చేతిలోకి వెళ్ళిపోయింది. నేను ఇచ్చింది కూడా కాదు, వెళ్ళిపోయింది. నేను సుద్దతో గీసి, మళ్ళీ కొలిచి, దేవుడా అనుకుంటూ కత్తిరిస్తాను, అది ఒకసారి బట్ట మీద అరచేయి పరిచి చూసుకుంటుంది, అంతే, తునక మిగలదు. అప్పటిదాకా పాత తలుపు చెక్క రెండు డబ్బాల మీద వేసి కత్తిరించేవాళ్ళం. నాన్న షాపుకొచ్చి చూసి, బట్ట ఎవరు కత్తిరిస్తారని అడిగాడు. ఇద్దరమూ అన్నాను. ఆయన చెల్లెల్ని నిలబెట్టి, మోచేయి మడవమని, నేల నుంచి కొలిచి, మోచేతికి బెత్తెడు కిందికి ఉండాలి బల్ల, అప్పుడు నడుమూ వీపూ నీ మాట వింటాయి అని, చెవి వెనక పెన్సిలు తీసి గోడ మీద గీత గీశాడు. బెత్తెడంటే ఆయన చేతికి నాలుగు అంగుళాలు. నా మోచేయి కొలవలేదు. నేను అక్కడే ఉన్నాను, దాని పక్కనే, ఎందుకైనా మంచిదని చేయి కూడా మడిచి నిలబడ్డాను. బల్ల చేశాక మిగిలిన చెక్కతో నాకో పీట చేశాడు. నువ్వు దీనిమీద ఎక్కవే బుడ్డీ అన్నాడు, ప్రేమగానే అన్నాడు, చిన్నప్పటినుంచీ ఇంట్లో నేను బుడ్డి, అది గడ. నా షాపులో నా బల్ల ముందు పీటెక్కి నిలబడ్డాను, నాన్న బతికున్నన్నాళ్ళూ ఎక్కాను.

ఆయన పోయిన మూడో నెలలో ఒకావిడ కర్టెన్ల గుడ్డ తెచ్చింది. నా నెత్తిమీదుగా చెల్లెల్ని చూసి నమస్కారం మేడమ్ అంది, కొలతలన్నీ దానికే చెప్పింది, వెళ్ళబోతూ పీట మీద ఉన్న నన్ను చూసి, మీ దగ్గర పనిచేసే ఆవిడా, చాలా శ్రద్ధగా ఉంది అంది. చెల్లెలు చప్పున, అయ్యో మా అక్కండీ, షాపు తనదే అంది. ఆ చెప్పడం దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద రావాల్సిన కోపం ఎందుకో చెల్లెలి మీదికి వెళ్ళింది, చెల్లెలి మీద చూపించలేక నాన్న మీదికి వెళ్ళింది, పోయిన మనిషి మీద ఏం చూపిస్తాం, బల్ల మీదికి వెళ్ళింది. మరుసటి వారం చెల్లెలు అత్తగారికి బాగాలేదని ఎనిమిది రోజులు వెళ్ళింది. నేను నా మోచేయి నేనే కొలుచుకున్నాను, టేపు అంచు కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, అద్దం ముందు, మూడుసార్లు. ముప్పై ఏడు. అందులో బెత్తెడు తీస్తే ముప్పై మూడు. చెల్లెలి బల్ల ముప్పై ఏడు, అంటే సరిగ్గా నా మోచేతి దగ్గరికొస్తుంది. వడ్రంగిని పిలిచాను. అతను బల్ల చుట్టూ తిరిగి, కాళ్ళు నిమిరి, ఇంత పని చేసినాయన ఎవరోగానీ దీన్ని కోయాలంటే చేతులు రావడం లేదమ్మా అన్నాడు. నేను ముప్పై మూడు దగ్గర సుద్దతో నాలుగు కాళ్ళకీ గీత గీసిచ్చాను. రంపం శబ్దం ఎక్కువసేపు లేదు, ఒక్కో కాలికి రెండు నిమిషాలు. పీటని కూడా తీసుకుపొమ్మన్నాను. ఆ సాయంత్రం నేల మీద నిలబడి ఒక చొక్కా కత్తిరించాను, ఎంత హాయిగా ఉందంటే, అంత హాయి నాకు ముందుగానీ తర్వాతగానీ దొరకలేదు.

చెల్లెలు వచ్చేసరికి అబద్ధం సిద్ధంగా ఉంది. కాళ్ళకి చెదలు పట్టిందే, ఇంకో నెలైతే బల్లే పోయేది, పాడైనంత మేరా తీయించేశాను అన్నాను. నాన్న బల్ల కోయించానని చెప్పే ధైర్యం లేదు, మూడు నెలలైనా కాలేదు మరి. అది వంగి కాళ్ళు చూసింది, నిమిరింది, పోనీలే అక్కా పైచెక్క బాగానే ఉందిగా అంది. అక్కడితో ఆగితే బాగుండేది. కోసిన నాలుగు ముక్కలూ పారేయబుద్ధి కాలేదు నాకు, గట్టి చెక్క, బరువైనవి, వడ్రంగి వాటికి చిత్రిక పట్టి నూనె రాసిచ్చాడు, బట్ట జారకుండా పైన పెట్టుకోవడానికి పనికొస్తాయని బల్ల మీదే ఉంచాను. ఇవేంటక్కా అని అడిగింది. నాన్నవి, అటక మీద దొరికాయి, మనకోసమే చేసి ఇవ్వడం మరిచిపోయినట్టున్నాడు అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నోటికి అదే వచ్చింది. అది ఒక్కో ముక్కనీ చేతిలోకి తీసుకుని, అంచులు ఎంత నున్నగా తీశాడో చూడక్కా అని వాటిని చెంపకి ఆనించుకుంది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదనుకున్నాను, ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క నిమిషమూ దారి ఉంది. అప్పటినుంచి రోజూ ఆ నాలుగు ముక్కలే దాని పని. పొద్దున్నే వచ్చి బట్ట పరిచి నాలుగు మూలలా నాలుగు పెడుతుంది. ఎవరైనా వాటిమీద టీ గ్లాసు పెడితే ఊరుకోదు.

కొంచెం ఎక్కువ వంగాల్సి వస్తోందక్కా అని మొదటి నెలలో అంది. అలవాటైపోతుంది అన్నాను. రెండేళ్ళకి మంట మొదలయ్యాక, కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుందామా అని అడిగింది. ఇటుకలు పెడితే బల్ల ఊగుతుంది, కత్తెర జారితే గుడ్డ పాడవుతుంది అన్నాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి అదే చెప్పాను, ఈసారి విసుక్కున్నాను కూడా. మూడోసారి అడగలేదు. పోనీ ఆ బల్ల నాకేమైనా ఉపయోగపడిందా అంటే, ఐదేళ్ళ క్రితం నా మోకాళ్ళు పోయాక నేను నిలబడటమే మానేశాను, మిషను దగ్గర కుర్చీలో కూర్చుని కుట్టుకుంటాను, కత్తిరింపంతా చెల్లెలిదే. ఐదేళ్ళుగా నా ఎత్తుకి కోసిన బల్ల ముందు నేను నిలబడలేదు. ఐదేళ్ళుగా దాన్ని ఏ రోజైనా పైకి లేపి ఉండొచ్చు. లేపితే ఎందుకు ఇప్పుడు లేపుతున్నావని అడుగుతుందేమోనని, అడిగితే చెదల అబద్ధం బయటపడుతుందేమోనని, ఒక అబద్ధానికి కాపలాగా దాని వీపుని పెట్టాను. మనసులో ఇంత తేటగా ఎప్పుడూ అనుకోలేదు ఈ మాట. ఈ గదిలో ఫ్యాను తప్ప చప్పుడు లేకపోవడం వల్లనేమో.

నిన్న సాయంత్రం ముక్కలన్నీ ఒక పక్కకు పేర్చి, ఇక నావల్ల కాదక్కా అంది. చెప్పుల దుకాణంలో కూర్చుని చేసే పని ఉందట, చెప్పుల జతలు చూసి అట్టపెట్టెల్లో సర్దడం, ఈరోజు ఐదింటికల్లా మాట చెప్పమన్నాడట ఆయన. ఈ ఒక్క డాక్టరు దగ్గరికి చివరిసారి వెళ్దాం, తర్వాత చెబుదువుగాని అన్నాను. సరే అంది, కానీ ఏం లాభం లేదక్కా, నా ఒళ్ళే అంత, అందరూ రోజంతా నిలబడి చేస్తూనే ఉన్నారుగా, నాకే ఓపిక లేదు, నీకు భారమైపోయాను అంది. దాని చేతులు కత్తెర కోసం పుట్టాయి, ఆ చేతులు చెప్పులు సర్దుతాయి, అదీ తన ఒంటి తప్పేననుకుంటూ. పోనిస్తే పోతుంది, పోతే బల్ల గురించి ఎవరూ అడగరు, అని నాలో ఏదో ఒక మూల లెక్క వేసుకుంది, అది నేను కాదని చెప్పుకోవడానికి ఇప్పుడు ఎవరూ లేరు. వెళ్ళబోతూ ఆగి, ఒకటి అడగనా, నాన్న చేసిన ఆ నాలుగూ నాకిచ్చెయ్యవా, ఇంకేం వద్దు అంది. తీసుకో అన్నాను.

మూడున్నర. సంచీ వేడి తగ్గుతున్నట్టుంది, చెల్లెలు చిన్నగా కదిలి, "బాగుందక్కా, మంట మీద మంట పెడితే ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు" అంది కన్నంలోంచి. "పడుకో" అన్నాను. మోచేతుల దాకా దాని చేతులు మంచం కిందికి వేలాడుతున్నాయి, కుడి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒరుసుకుని కాసిన కాయ. పెన్ను ఆనించాను. మూడు వేశాను. ముప్పై ఏడుకీ ముప్పై మూడుకీ మొదటి అంకె మూడే కదా, అందుకని ఆ ఒక్కటి వేయడానికి ధైర్యం సరిపోయింది. పక్కన ఏడు వేస్తే బల్ల సరిగ్గానే ఉంది మరి, లోపం మనిషిదే అని ఆ అమ్మాయి అనుకుంటుంది, చెల్లెలు ఐదింటికి వెళ్ళి సరేనంటుంది. మూడు వేస్తే బల్ల పెంచమంటుంది, పెంచుతాం, మంట తగ్గుతుంది, చెదలు చెదలుగానే ఉండిపోతాయి, ముక్కలు నాన్నవిగానే ఉండిపోతాయి. అంటే మూడు వేసినా నాకేం కాదు. నిజం రాసి కూడా తప్పించుకోవచ్చు. ఇంత సులువైన దారి తొమ్మిదేళ్ళుగా నా కళ్ళముందే ఉందా అనుకుంటూ మూడు వేసేశాను. గుండె తేలికపడింది, అంత సిగ్గులేని తేలిక.

ఫిజియో అమ్మాయి కళ్ళజోడు పైకి తోసుకుంటూ వచ్చింది. సంచీ తీసి, వీపు తుడిచి, కాగితం అందుకుంది.

"ముప్పై మూడా. ఇంత పొడుగు మనిషికి ముప్పై మూడేంటమ్మా? దీనికంటే రోజూ బావిలోకి వంగినా నయమే. కత్తిరించే బల్ల ఇంత కిందికి ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచేలోపే కన్నంలోంచి చెల్లెలి గొంతు వచ్చింది. "చేసినప్పుడు సరిగ్గానే ఉండేదండీ. మా నాన్న నన్ను కొలిచి చేశాడు. తర్వాత కాళ్ళకి చెదలు పట్టింది. మా అక్క మాత్రం ఏం చేస్తుంది పాపం, ఉన్నంతలో కాపాడింది."

అయ్యో మా అక్కండీ, షాపు తనదే. అదే గొంతు. కర్టెన్లావిడ ముందు నన్ను పీట మీంచి ఎత్తి పట్టుకున్న గొంతు. అప్పుడూ నన్ను తక్కువ కానివ్వలేదు, నేను దాన్ని తక్కువ చేశాను. ఇప్పుడు ముఖం కూడా కనబడకుండా పడుకుని, కాలుతున్న వీపుతో, నా అబద్ధాన్ని నాకోసం అది చెబుతోంది.

"చెదలు పట్టలేదు" అన్నాను.

ఆ అమ్మాయి నావైపు చూసింది.

"నువ్వు మీ అత్తగారింటికి వెళ్ళినప్పుడు నేనే కోయించాను. నా ఎత్తుకి. ఆ నాలుగు ముక్కలూ నాన్న చేసినవి కావు. ఆ కాళ్ళవే. నీ ఒంట్లో ఏ లోపమూ లేదు. నేనే."

ఇంకా ఏదో చెప్పాలి, క్షమించమనాలి, కానీ ఆ మాట అడగడం కూడా దాని దగ్గర ఇంకోటి తీసుకోవడమే అనిపించి ఆగిపోయాను. పక్క గదిలో మోకాళ్ళాయన ఒకటీ రెండూ అని పైకి లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయన పదికి వచ్చాక చెల్లెలు అడిగింది.

"ఎంత ఉంటాయవి?"

"ఏవి?"

"ముక్కలు."

"నాలుగు అంగుళాలు."

"చేతికి దొరికిందల్లా కొలుస్తాను" అంది, నాతో అన్నట్టు లేదు. "రోజూ పట్టుకుంటున్నాను. వాటిని మాత్రం ఎప్పుడూ కొలవలేదు."

తర్వాత చేతులు ఊని లేచి కూర్చుంది. ముఖం మీద కన్నం అంచు అచ్చు గుండ్రంగా పడింది, నుదుటి నుంచి చెంపలదాకా ఎర్రగా. ఏడవడం లేదు. నన్ను చూడటం లేదు. "సాయంత్రమే వాటిని కాళ్ళ కింద పెట్టి బిగించేద్దాం, నేను వడ్రంగిని..." అన్నాను.

"నువ్వు మాట్లాడకు" అంది. ఫిజియో అమ్మాయి వైపు తిరిగి, "ఒకే బల్ల దగ్గర ఇద్దరు పనిచేస్తే ఎవరి కొలత పెట్టాలండీ?" అని అడిగింది.

"పొడుగువాళ్ళ కొలతే పెట్టాలమ్మా. పొట్టివాళ్ళకి కాళ్ళ కింద ఏదైనా ఎత్తు వేసుకుంటే సరిపోతుంది, పొడుగువాళ్ళని పొట్టి చేయలేం కదా."

నాన్న పీట. ఇరవై ఏళ్ళ క్రితం, మిగిలిన చెక్కతో. ఆయన నన్ను మరిచిపోయాడనే అనుకుంటూ వచ్చాను, మరిచిపోయిన మనిషి పీట చేయడు. అది ఎవరింట్లో ఉందో, పొయ్యిలోకే పోయిందో.

చెల్లెలు మంచం దిగింది. ఒకసారి మెడ వెనక్కి లాక్కుని, నేర్పినట్టే రెండు రెక్కలూ దగ్గరికి తెచ్చుకుని, ఊపిరి వదిలింది. చేయి చాపింది. "టేపు" అంది. లేచి నిలబడి, మెడలోంచి తీసి ఇచ్చాను. ఐదింటికి ఇంకా గంటకి పైగా ఉంది, అది ఐదింటికి ఎక్కడికి వెళ్తుందో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది, టేపు అంచు నా మడమ దగ్గర పెట్టి, పైకి లాగుతూ లేచింది, కొత్తగా వచ్చినవాళ్ళని కొలిచినట్టు, వేళ్ళు ఒంటికి తగలకుండా. అక్కా అనలేదు.

"మోచేయి మడిచి పెట్టు."

మడిచాను. ముఖం టేపు దగ్గరికి తెచ్చి చూసింది. ముప్పై ఆరున్నర అని చదివి, కాదన్నట్టు తల ఊపింది, మళ్ళీ వంగి టేపు అంచు మడమకి ఆనించింది.

"వంగావు" అంది. "నిటారుగా నిలబడు."